పంచె కట్టుకున్నందుకు గేటు దగ్గరే ఆపేయవచ్చా?

ప్రశ్న: మేము హైదరాబాదులో ఉంటాం. నేను ప్రభుత్వ పాఠశాలలో టీచరుగా పనిచేస్తున్నాను. కిందటి నెలలో మా బావగారి షష్టిపూర్తి విందు ఆయన సభ్యుడిగా ఉన్న ఒక పాత క్లబ్బులో జరిగింది. మా నాన్నగారికి 74 ఏళ్లు, కృష్ణా జిల్లాలో వ్యవసాయం చేస్తారు. విందుకోసమే ఊరి నుంచి వచ్చారు. తెల్ల పంచె, చొక్కా, కండువా, కాళ్లకు తోలు చెప్పులు. క్లబ్బు గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లు ఆయనను ఆపారు. భోజనాల హాల్లోకి పంచెతో, చెప్పులతో వెళ్లకూడదట. "మా దగ్గర ప్యాంటు ఉంది, వేసుకుని వెళ్లండి" అని ఒక నల్ల ప్యాంటు తెచ్చి చేతికిచ్చారు. నాన్నగారు దాన్ని మడత విప్పకుండానే తిరిగి ఇచ్చేసి, "మీరు వెళ్లి తినండమ్మా, నాకు ఆకలిగా లేదు" అని కారులో కూర్చున్నారు. రెండు గంటలు అలాగే కూర్చున్నారు. వియ్యాలవారందరూ చూశారు. నాకు ఇప్పటికీ నిద్ర పట్టడం లేదు. ఒక క్లబ్బు ఇలా చేయవచ్చా? కేసు వేయవచ్చా? నాన్నగారు మాత్రం "వదిలెయ్యమ్మా" అంటున్నారు.

ఇంకొకటి. ఆ తర్వాతి ఆదివారం మేమంతా ఒక పెద్ద రెస్టారెంటుకు వెళ్తే, మా పాపను చూసుకునే అమ్మాయిని లోపలికి రానివ్వలేదు, పనివాళ్లు బయట బెంచీ మీద కూర్చోవాలన్నారు. మేము తిని, ఆమెకు పార్శిల్ తెచ్చి ఇచ్చాం. ఇది కూడా తప్పేనా?

సమాధానం: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి చదివినప్పుడు మీ నాన్నగారే కళ్ల ముందు మెదిలారు. మడత నలగకుండా ఊరి నుంచి తెచ్చుకున్న పంచె, దాన్ని విప్పేసి తొడుక్కోమని చేతికిచ్చిన ఎవరిదో ప్యాంటు. ఆ ప్యాంటును ఆయన మడత విప్పకుండానే తిరిగి ఇచ్చేశారని రాశారు చూడండి, ఆ ఒక్క మాటతో మనిషి ఎలాంటివారో తెలిసిపోయింది. రెండోసారి చదివినప్పుడు ఉత్తరం చివర ఆగిపోయాను. ఆ అమ్మాయి సంగతి దగ్గర. అక్కడికి తర్వాత వస్తాను. ముందు మీరు అడిగిన వరుసలోనే చెబుతాను.

క్లబ్బు మీద కేసు వేస్తే గెలవడం కష్టం. మిమ్మల్ని ఊరించి కోర్టు మెట్లు ఎక్కించడం నాకు ఇష్టం లేదు కనుక ముందే చెబుతున్నాను. క్లబ్బు అంటే కొందరు చేరి పెట్టుకున్న సంఘం. సంఘాలు పెట్టుకునే స్వేచ్ఛను రాజ్యాంగంలోని 19వ అధికరణం పౌరులకు ఇచ్చింది. ఎవరిని సభ్యులుగా చేర్చుకోవాలి, లోపల ఎలా మసలుకోవాలి అనేది ఆ సంఘం తన నియమావళిలో రాసుకోవచ్చు. అహ్మదాబాదులో పార్సీల హౌసింగ్ సొసైటీ ఒకటి, పార్సీలు తప్ప మరెవరూ సభ్యులు కాకూడదని నియమం పెట్టుకుంది. ఆ వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్తే, 2005లో కోర్టు సొసైటీ పక్షానే తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు నాకు మింగుడు పడలేదు, ఇప్పటికీ పడదు. కానీ చట్టం ఎక్కడ నిలబడిందో మీకు తెలియాలి.

పైగా మీ నాన్నగారు ఆ క్లబ్బులో సభ్యులు కారు, సభ్యుడి అతిథి. అతిథికి ఉన్న హక్కు ఆ సభ్యుడి నుంచి వచ్చిందే. అందుకే ఈ వ్యవహారంలో మొదట జవాబు చెప్పవలసింది మీ బావగారు. ఆయనకు క్లబ్బు నిబంధన తెలిసే ఉంటుంది. వచ్చేది ఊళ్లో పంచె కట్టుకునే పెద్దాయనని కూడా తెలుసు. ముందు రోజు ఒక్క ఫోను చేసి ఉంటే, లేదా విందు మరో హాల్లో పెట్టుకుని ఉంటే ఇంత జరిగేది కాదు. గేటు దగ్గర ఆపినప్పుడు ఆయన బయటికి వచ్చారో లేదో మీరు రాయలేదు. నా అనుమానం, రాలేదు.

ఇక ఆ నిబంధన ఎక్కడిదో చూడండి. మన దేశంలోని పాత క్లబ్బులు చాలావరకు ఇంగ్లిషు దొరలు తమకోసం కట్టుకున్నవి. సికింద్రాబాద్ క్లబ్బు 1878లో కంటోన్మెంటు అధికారుల కోసం మొదలైంది. దేశమంతటా కంటోన్మెంట్లు, రైల్వే పట్టణాలు, ఓడరేవులు ఉన్న చోటల్లా ఇలాంటివి వెలిశాయి. వాటిలో చాలా వాటికి భారతీయుడు వడ్డించడానికి కావాలి, కూర్చోవడానికి పనికిరాడు. చిట్టగాంగులోని పహార్తలీ యూరోపియన్ క్లబ్బు ముందు "కుక్కలకు, భారతీయులకు ప్రవేశం లేదు" అన్న బోర్డు ఉండేదని చెబుతారు. 1932 సెప్టెంబరులో ప్రీతిలత వద్దేదార్ అనే 21 ఏళ్ల యువతి తన దళంతో ఆ క్లబ్బు మీద దాడి చేసి, పోలీసుల చేతికి చిక్కకుండా విషం మింగి చనిపోయింది. కలకత్తాలో తెల్లవాళ్ల క్లబ్బు భారతీయులను రానివ్వలేదన్న కోపంతోనే 1907లో కలకత్తా క్లబ్బు పుట్టింది. అవమానం తిన్నవాళ్లు పెట్టుకున్న ఆ క్లబ్బు కూడా స్త్రీలను సభ్యులుగా చేర్చుకోవడానికి 2007 దాకా, అంటే సరిగ్గా వందేళ్లు తీసుకుంది. స్వాతంత్ర్యం వచ్చాక రంగు నిబంధన పోయింది. బట్టల నిబంధన మాత్రం గోడ మీది ఫొటోలతో పాటు అలాగే ఉండిపోయింది. మీ నాన్నగారిని ఆపింది అదే.

ఆయన కట్టుకున్న బట్ట సంగతి కూడా చెప్పాలి. నీలం సంజీవరెడ్డిగారు రాష్ట్రపతి భవన్‌లో పంచెతోనే ఉన్నారు. వెంకయ్యనాయుడుగారు ఉపరాష్ట్రపతిగా రాజ్యసభ అధ్యక్ష పీఠం మీద తెల్ల పంచె, తెల్ల చొక్కాతోనే కూర్చున్నారు. చట్టాలు చేసే సభలో గౌరవం తగ్గని పంచె, సూపు తాగే హాల్లో తగ్గిపోతుందా?

ఈ ప్రశ్న తమిళనాడులో చట్టసభ దాకా వెళ్లింది. 2014 జూలైలో చెన్నైలో ఒక క్రికెట్ సంఘం క్లబ్బులో పుస్తకావిష్కరణ సభ జరిగింది. దానికి వచ్చిన మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి హరిపరంధామన్‌గారిని పంచె కట్టుకున్నారని లోపలికి వెళ్లనివ్వలేదు. సాక్షాత్తూ హైకోర్టు జడ్జిని! రాష్ట్రమంతా మండిపడింది. ఆ మరుసటి నెలలోనే శాసనసభ ఒక చట్టం చేసింది. పంచె గానీ, భారతీయ సంప్రదాయ దుస్తులు మరేవైనా గానీ వేసుకున్నందుకు క్లబ్బులు, హోటళ్లు, థియేటర్లు, మాల్స్ వంటి చోట్ల ఎవరినీ అడ్డుకోకూడదు. అడ్డుకుంటే ఏడాది దాకా జైలు, 25 వేల రూపాయల దాకా జరిమానా, లైసెన్సు కూడా రద్దు కావచ్చు. క్లబ్బు ప్రైవేటుదే అయినా అక్కడ ఈ చట్టం వర్తిస్తుంది. ఆ ఘటన మీ నాన్నగారికి చెన్నైలో జరిగి ఉంటే నా జవాబు ఇంకోలా ఉండేది. కర్ణాటకలో ఇలాంటి చట్టం లేకపోయినా, 2024 జూలైలో బెంగళూరులో కొడుకుతో కలిసి సినిమా టిక్కెట్లు పట్టుకుని వచ్చిన ఒక రైతును పంచె చూసి మాల్‌లోకి రానివ్వకపోతే, ప్రభుత్వం ఆ మాల్‌ను ఏడు రోజులు మూయిస్తామని శాసనసభలోనే ప్రకటించింది. పంచె మన ఊళ్లలో పెళ్లికీ పేరంటానికీ కట్టేది, గుడికి కట్టుకుని వెళ్లేది. తమిళులు నెలలో చేసుకున్న చట్టాన్ని మన రెండు రాష్ట్రాలు పదేళ్లు దాటినా ఎందుకు చేసుకోలేదో నాకు అర్థం కాదు. ఈ మాట మీ ఎమ్మెల్యేకు ఒక ఉత్తరంగా రాయండి. నేనూ రాస్తాను.

క్లబ్బు విషయంలో మీరు చేయగలిగినవి రెండు ఉన్నాయి. మీ బావగారి చేత క్లబ్బు కార్యవర్గానికి ఒక ఉత్తరం రాయించండి. నియమావళిని మార్చుకునే అధికారం సర్వసభ్య సమావేశానికి ఉంటుంది. సభ్యులు తీర్మానం ప్రతిపాదిస్తే అది చర్చకు వచ్చే అవకాశం ఉంటుంది. పంచె, లుంగీ ఒకటి కావని, క్లబ్బు అనుమతించే దుస్తుల జాబితాలో పంచె, కండువాలను చేర్చాలని ఆయన అడగాలి. ఆయన అడగనంటే, మీ నాన్నగారి కన్నా ఆయనకు సభ్యత్వమే ముఖ్యమని మీకు తెలుస్తుంది. రెండోది, ఆ క్లబ్బు ఉన్న స్థలం ఎవరిదో కనుక్కోండి. నగరాల నడిబొడ్డున ఉన్న పాత క్లబ్బుల్లో కొన్ని ప్రభుత్వ స్థలంలో లీజు మీద నడుస్తున్నాయి. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో రెవెన్యూ శాఖకు దరఖాస్తు పెట్టుకుంటే లీజు పత్రం నకలు అడగవచ్చు. ప్రజల భూమి మీద కూర్చుని ప్రజల బట్టలకు వంక పెట్టడం వేరే సంగతి అవుతుంది. ఢిల్లీ జింఖానా క్లబ్బు 27 ఎకరాల ప్రభుత్వ స్థలంలో ఉంది. దాని వ్యవహారాల మీద కేంద్ర ప్రభుత్వం కంపెనీ లా ట్రిబ్యునల్‌కు వెళ్తే, 2022లో ట్రిబ్యునల్ ఆ క్లబ్బు నిర్వహణను ప్రభుత్వం చేతికి ఇచ్చింది. క్లబ్బు గోడ అనుకున్నంత ఎత్తేమీ కాదని నేను అనేది అందుకే.

ఒక్క సంగతి మాత్రం చేయవద్దు. గేటు దగ్గర ప్యాంటు తెచ్చిచ్చిన మనిషి మీద ఫిర్యాదు చేయకండి. బెంగళూరు మెట్రోలో 2024 ఫిబ్రవరిలో బట్టలు మాసి ఉన్నాయని ఒక రైతును రైలెక్కనివ్వకపోతే, గొడవయ్యాక సెక్యూరిటీ సూపర్‌వైజర్‌ను ఉద్యోగం నుంచి తీసేశారు. అక్కడితో కథ ముగిసింది. క్లబ్బు గేటు దగ్గర నిలబడే ఆ మనిషి తండ్రి కూడా ఏదో ఒక ఊళ్లో పంచె కట్టుకునే ఉంటాడు. ఆ నిబంధన రాసినవాళ్లు లోపల కూర్చున్నారు. ఉత్తరం వాళ్లకు వెళ్లాలి.

ఇప్పుడు రెస్టారెంటు దగ్గరికి వద్దాం.

అమ్మా, మీ నాన్నగారి గురించి మీరు కాగితం నిండా రాశారు. ఆ అమ్మాయి గురించి రెండు వాక్యాలు రాశారు. నాన్నగారి వయసు, ఊరు, బట్టలు, ఆయన అన్న మాటలు అన్నీ ఉన్నాయి. ఆ అమ్మాయికి ఎన్నేళ్లో లేదు, ఆ బెంచీ మీద ఎంతసేపు కూర్చుందో లేదు, ఏమందో లేదు. పేరు కూడా లేదు. ఇది మిమ్మల్ని నొప్పించడానికి అనడం లేదు. మీరు ఆమె సంగతి రాయకుండా ఊరుకోవచ్చు, కానీ రాశారు. అంటే ఆ బెంచీ మీ మనసులో ఎక్కడో గుచ్చుకుంటూనే ఉంది. అందుకే మొహమాటం లేకుండా చెబుతున్నాను. మీరు అడిగిన రెండింటిలో పెద్ద తప్పు రెండోది. చట్టం సాయం దొరికే అవకాశం ఎక్కువ ఉన్నదీ అక్కడే.

క్లబ్బు తలుపు సభ్యులకోసం. రెస్టారెంటు తలుపు అలా కాదు. వీధిలోకి బోర్డు పెట్టి, దీపాలు వెలిగించి, డబ్బు తెచ్చుకున్న వారెవరైనా రండి అని పిలిచే తలుపు అది. రాజ్యాంగంలోని 15వ అధికరణం రెండో భాగం సరిగ్గా ఈ తలుపు గురించే మాట్లాడుతుంది. కేవలం మతం, జాతి, కులం, లింగం, జన్మస్థలం అన్న కారణాలతో ఏ పౌరుడినీ దుకాణాల్లోకి, పబ్లిక్ రెస్టారెంట్లలోకి, హోటళ్లలోకి, వినోద స్థలాల్లోకి రాకుండా అడ్డుకోకూడదు. ప్రాథమిక హక్కులు సాధారణంగా ప్రభుత్వాన్ని కట్టడి చేసేవి. ఇది మాత్రం సొంత డబ్బుతో హోటలు పెట్టుకున్న యజమానిని కూడా కట్టడి చేస్తుంది. రాజ్యాంగ సభలో 1948 నవంబరు 29న దీని మీద చర్చ జరిగినప్పుడు, దుకాణం అంటే ఏమిటన్న ప్రశ్న వచ్చింది. అంబేద్కర్ చెప్పిన జవాబు సారాంశం ఇది: సేవ కోరి వచ్చిన వారెవరికైనా యజమాని తన సేవ అందించడానికి సిద్ధపడి కూర్చున్న చోటే దుకాణం. గోడలు ఎవరివన్నది కాదు, అందరికోసం తెరిచాడా లేదా అన్నదే లెక్క. 2011లో సుప్రీంకోర్టులో జస్టిస్ సుదర్శన్ రెడ్డిగారు, మన తెలుగువారే, ఈ మాటను ఆధారం చేసుకుని ప్రైవేటు విద్యాసంస్థలు కూడా ఆ దుకాణం అన్న పదం కిందికి వస్తాయని తీర్పు రాశారు.

ఈ అధికరణం ఎందుకు అవసరమైందో నాకు పుస్తకం చదివి తెలియలేదు. నా చిన్నప్పుడు మా ఊరి సెంటర్లో ఒక పాక హోటలు ఉండేది. లోపల బల్ల మీద గాజు గ్లాసులు బోర్లించి ఉండేవి. బయట చూరు కింద, వెదురు బద్దల మధ్య, సొట్టలు పడిన నాలుగైదు అల్యూమినియం గ్లాసులు దోపి ఉండేవి. మాలపల్లె నుంచి, మాదిగపల్లె నుంచి వచ్చినవాళ్లు ఆ గ్లాసు తామే తీసుకుని, తామే కడుక్కుని, చేయి చాపి పట్టుకునేవారు. హోటలు ఆయన గ్లాసుకు తగలకుండా జానెడు ఎత్తు నుంచి టీ పోసేవాడు. తాగాక మళ్లీ కడిగి చూరులో దోపి వెళ్లేవారు. నాతో బడికి వచ్చే పిల్లవాడు ఒకరోజు అలా గ్లాసు కడుగుతుండగా మా ఇద్దరి కళ్లూ కలిశాయి. నా చేతిలో గాజు గ్లాసు ఉంది. నేను చూపు తిప్పుకుని టీ తాగేశాను. తర్వాత చాలా ఏళ్లకు న్యాయశాస్త్రం చదివేటప్పుడు 1955 నాటి పౌర హక్కుల రక్షణ చట్టంలో ఒక వాక్యం కనిపించింది. హోటల్లో అందరికోసం ఉంచిన పాత్రలను వాడుకోనివ్వకపోవడం నేరం. అంటే నేను ఆ టీ తాగుతున్న రోజునే అది నేరం. హోటలు ఆయనకు తెలియదు, ఆ పిల్లవాడికి తెలియదు, ఊళ్లో ఎవరికీ తెలియదు.

పబ్లిక్ స్థలంలో ఎవరి పక్కన ఎవరు కూర్చోవచ్చు అన్న ప్రశ్న మన నేల మీద ప్రాణాలు తీసింది కూడా. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపారు. ఆ గొడవకు నిప్పు రాజుకున్నది సినిమా హాల్లో, కాలు తగిలిందన్న మాట దగ్గర. టిక్కెట్టు కొనుక్కున్న ఇద్దరు మనుషుల మధ్య అది.

మీ రెస్టారెంటు వాళ్లు కులం మాట ఎత్తలేదు, "పనివాళ్లు" అన్నారు. ఇక్కడే చట్టంలో ఒక ఖాళీ ఉంది. 15వ అధికరణం చెప్పిన కారణాల్లో వృత్తి లేదు, పేదరికం లేదు, బట్టలు లేవు. అందుకే "మా హోటల్లో పనివాళ్లకు ప్రవేశం లేదు" అనేవాళ్లు కులం తెలియనట్టుగా తప్పించుకుంటారు. ఆ ఖాళీని పూడ్చాలని, అన్ని రకాల వివక్షకూ వర్తించే బిల్లును శశి థరూర్ లోక్‌సభలో ప్రైవేటు సభ్యుడిగా పెట్టారు. అది చట్టం కాలేదు.

అయినా దారి ఉంది. మీరు టేబులు మాట్లాడుకుని, బిల్లు చెల్లించి సేవ కొనుక్కున్నారు. మీతో వచ్చిన మనిషికి ఆ సేవ నిరాకరించారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం డబ్బు కట్టిన వ్యక్తే కాదు, ఆ వ్యక్తి సమ్మతితో ఆ సేవను పొందే మనిషి కూడా వినియోగదారే. ఈ మాట కాస్త నిదానంగా చదవండి. భోజనానికి డబ్బు మీరు ఇచ్చినా, చట్టం దృష్టిలో ఆ అమ్మాయి ఒకరి వెంట వచ్చిన మనిషి కాదు, తన పేరు మీద తాను ఫిర్యాదు చేయగల వినియోగదారు.

కనుక ఇలా చేయండి. ఆ రోజు బిల్లు దాచి ఉంచారా? ఫోనులోనైనా చెల్లింపు వివరం ఉంటుంది. ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఎవరు ఏమన్నారో గుర్తున్నది గుర్తున్నట్టు ఇవాళే రాసి పెట్టుకోండి. యాజమాన్యానికి స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపండి. పనివాళ్లను బయట కూర్చోబెట్టాలన్న నిబంధన మీకు ఉందా, ఉంటే రాతపూర్వకంగా ఇవ్వండి అని అడగండి. ఇలాంటి నిబంధనను కాగితం మీద పెట్టడానికి ఎవరికీ ధైర్యం చాలదు. ప్రవేశ ద్వారం దగ్గరి సీసీ కెమెరా దృశ్యాలు చెరపకుండా ఉంచమని కూడా అదే ఉత్తరంలో కోరండి, అవి ఎక్కువ రోజులు ఉండవు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి తెలుగులోనే ఫిర్యాదు నమోదు చేయవచ్చు. జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపైతే రుసుము ఏమీ లేదు, వకీలు లేకుండానే వాదించుకోవచ్చు, రెండేళ్ల గడువు ఉంది. గెలుపు ఖాయమని నేను చెప్పలేను. కానీ ఇది నిలబడగల ఫిర్యాదు.

ఆ అమ్మాయి ఎస్సీ, ఎస్టీ కులాల్లో పుట్టినదై ఉండి, అది తెలిసే వాళ్లు అలా ప్రవర్తించినట్టు కనిపిస్తే ఇది వినియోగదారుల వివాదం కాదు, నేరం. ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ ప్రకారం దుకాణంలోకి, వినోద స్థలంలోకి, మరే పబ్లిక్ స్థలంలోకైనా రాకుండా అడ్డుకుంటే ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా శిక్ష పడవచ్చు, దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారి చేయాలి. 1955 చట్టంలోనైతే ఇంకో బలం ఉంది. బాధితులు ఎస్సీలైతే, అది అంటరానితనం వల్ల జరిగినది కాదని నిరూపించుకోవలసిన బాధ్యత అడ్డుకున్నవాళ్ల మీదే పడుతుంది. అయితే ఆ అమ్మాయి కులం ఏమిటని మీరు గుచ్చి గుచ్చి అడగవద్దు. చట్టంలో ఇలా ఉందని చెప్పండి. ఆ దారిన వెళ్లాలా వద్దా అన్నది ఆమె ఇష్టం.

దివ్యాంగులకు 2016 చట్టం, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు 2019 చట్టం ఇలాంటి రక్షణ ఇస్తున్నాయి. రాంచీ విమానాశ్రయంలో ఒక దివ్యాంగ బాలుడిని విమానం ఎక్కనివ్వనందుకు 2022లో ఆ విమాన సంస్థ ఐదు లక్షల జరిమానా కట్టవలసి వచ్చింది. ఇంటి పనిచేసేవాళ్లకు మాత్రం అలాంటిది ఒక్కటీ లేదు.

"ప్రవేశ హక్కు యాజమాన్యానిదే" అని బోర్డు పెట్టారు కదా అంటారేమో. ఆ బోర్డుతో కొత్త హక్కేమీ పుట్టదు. తాగి గొడవ చేసేవాడిని, ఆయుధంతో వచ్చినవాడిని, బారులోకి వచ్చిన మైనరును ఆపవచ్చు, హాలు నిండిపోతే తలుపు వేసుకోవచ్చు. బయటి తినుబండారాలు తేవద్దని సినిమా హాలు యజమాని అనవచ్చని, అయితే మంచినీళ్లు ఉచితంగా ఇవ్వాలని, పసిపిల్లల ఆహారాన్ని ఆపకూడదని 2023 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఇవన్నీ మనిషి చేసే పనిని బట్టి, చోటును బట్టి పెట్టుకునే కట్టుబాట్లు. మనిషి ఎవరన్నదాన్ని బట్టి తలుపు మూయడం వీటిలోకి రాదు. బోర్డు ఎంత పెద్ద అక్షరాలతో రాసినా రాదు.

మీ రెండు ప్రశ్నలూ ఒక్కచోట కలిసిన సంఘటన ఒకటి ఉంది. 2017 జూన్‌లో ఢిల్లీ గోల్ఫ్ క్లబ్బులో ఒక సభ్యుడి ఆహ్వానం మీద కొందరు భోజనానికి వెళ్లారు. వారిలో మేఘాలయ నుంచి వచ్చిన ఖాసీ మహిళ ఒకరు ఉన్నారు. ఒక బిడ్డను చూసుకునే ఉద్యోగం ఆమెది. తమ సంప్రదాయ వస్త్రం జైన్‌సెమ్ కట్టుకుని వచ్చారు. క్లబ్బు సిబ్బంది ఆ బట్టను పనిమనిషి యూనిఫాం అనుకుని, లేచి వెళ్లిపొమ్మన్నారు. ఆమెతో వచ్చినవాళ్లు ఊరుకోలేదు. సిబ్బందిని నిలదీశారు, పత్రికలకు చెప్పారు, దేశమంతా మాట్లాడింది, క్లబ్బు విచారం వెలిబుచ్చవలసి వచ్చింది. వాళ్ల దగ్గర పెద్ద చట్టమేమీ లేదు. నోరు విప్పారు, అంతే.

మీరు ఆ రోజు కుర్చీల్లోంచి లేవలేదు. పాప ఆకలితో ఉండి ఉంటుంది, మీవారు తొందర పడి ఉంటారు, గొడవెందుకనుకుని ఉంటారు. అర్థం చేసుకోగలను. గాజు గ్లాసు పట్టుకుని చూపు తిప్పుకున్నవాడిని నేను, మిమ్మల్ని నిలదీసే అర్హత నాకు లేదు. కానీ వారం ముందు మీ నాన్నగారు కారులో కూర్చున్న రెండు గంటలు మీకు నిద్ర పట్టనివ్వడం లేదు కదా. ఆ అమ్మాయికీ ఒక తండ్రి ఉంటాడు. కూతురు ఊరికి ఫోను చేసి ఆ ఆదివారం ఏం తిన్నదో చెప్పి ఉంటే, ఎక్కడ కూర్చుని తిన్నదో కూడా చెప్పిందో లేదో!

మీ నాన్నగారు "వదిలెయ్యమ్మా" అంటున్నారంటే క్లబ్బు సంగతిని ఆయనకోసం లాగవద్దు. ఆయన ప్యాంటు తిరిగి ఇచ్చేసినప్పుడే తన జవాబు చెప్పేశారు. బావగారి చేత రాయించే ఉత్తరం సంగతి ఆయనకు చెప్పండి, ఆయన పేరు లేకుండా రాయించండి. తర్వాత పంచె కట్టుకుని వచ్చే ముసలాయన కోసం అది.

రెస్టారెంటు ఫిర్యాదుకు మాత్రం ముందు ఆ అమ్మాయితో మాట్లాడండి. వంటింట్లో నిలబెట్టి కాదు, పక్కన కూర్చోబెట్టుకుని. ఆ రోజు లేవకపోవడం మా తప్పు అని మొదట చెప్పండి. ఫిర్యాదు చేయడం ఆమెకు ఇష్టమా అని అడగండి, ఇష్టం లేదంటే బలవంతపెట్టకండి, జీతానికి గానీ పనికి గానీ దీనికీ సంబంధం లేదని స్పష్టంగా చెప్పండి. సరేనంటే, తెల్ల కాగితం మీద జరిగింది ఆమె మాటల్లోనే రాయండి. పైన ఫిర్యాదుదారు అన్నచోట ఆమె పేరు మొదట రాసి, మీ పేరు రెండోది రాయండి. కింద మొదటి సంతకం ఆమె చేత పెట్టించండి.